మీ ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు ఎలాంటి సలహా బృందం కావాలి? రొయ్యల గుంటల యాప్ ఉదాహరణగా ఐదు పద్ధతుల పోలిక

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉంచే సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు, మొదలుపెట్టిన ఏడాదికో రెండేళ్లకో ఒక ప్రశ్న వచ్చి తీరుతుంది. తర్వాత ఏం చెయ్యాలో ఎవరు చెప్పాలి? కోడ్ రాసేవాళ్లా, వాడేవాళ్లా, డబ్బు ఇచ్చేవాళ్లా? "ఒక సలహా కమిటీ వేద్దాం" అని ఎవరో అంటారు, అందరూ సరేనంటారు. ఆ కమిటీ మాటకు విలువెంత, మెయింటెయినర్లు (కోడ్‌లో ఏ మార్పు చేరాలో తేల్చేవాళ్లు) వినకపోతే ఏమవుతుంది అన్నది మాత్రం ఎవరూ రాసిపెట్టుకోరు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

నేను పాలుపంచుకునే ప్రాజెక్టు రొయ్యల గుంటల లెక్కలు రాసుకునే యాప్. అల్లూరు, విడవలూరు నుంచి కొత్తపట్నం దాకా తీరం వెంబడి వనామీ రకం రొయ్యల సాగు చేసేవాళ్ల కోసం రాసింది. రోజూ మేత ఎంత వేశారు, నీళ్లలో సెలైనిటీ (ఉప్పదనం) ఎంత, తెల్లవారుజామున డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) ఎంతకు పడింది, శాంప్లింగ్‌లో కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు) ఎంత వచ్చింది, ఇవన్నీ అందులో ఎక్కించుకోవచ్చు. కోడ్ రాసేది పట్నాల్లో ఉద్యోగాలు చేసుకుంటూ రాత్రిళ్లు కూర్చునే కొందరు కుర్రాళ్లు. వాడేది గుంట గట్టు మీద ఉండే మనుషులు. రాసేవాళ్లకూ వాడేవాళ్లకూ మధ్య ఇంత దూరం ఉన్న ప్రాజెక్టు ఏదైనా సరే, ఊరి లైబ్రరీకి కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ పెట్టుకోవడమైనా, తెలుగు కీబోర్డు తయారుచెయ్యడమైనా, కింద చెప్పేవి పనికొస్తాయి.

## ముందు ఈ సంగతులు తేల్చుకోండి

తప్పు జరిగితే నష్టపోయేది ఎవరు? అన్నిటికన్నా ముందు అడగాల్సింది ఇదే. ఒక చిన్న ఉదాహరణ చూడండి. యాప్‌లో మేతకు రోజుకు ఒకే గడి పెడితే కోడ్ శుభ్రంగా ఉంటుంది, గ్రాఫ్ అందంగా వస్తుంది. గుంట దగ్గర పంపు షెడ్డులో మేకుకు వేలాడే నోటుబుక్కు తెరిస్తే మాత్రం రోజుకు నాలుగు గీతలు కనిపిస్తాయి, పూటకొకటి. పొద్దున వేసిన మేత చెక్ ట్రేలో (రొయ్యలు తిన్నాయో లేదో చూడటానికి నీళ్లలో దించే పళ్లెంలో) మిగిలిపోతే తర్వాతి పూటకు తగ్గిస్తారు. మబ్బు పట్టినా, రొయ్య గుల్ల విడిచినా తగ్గిస్తారు. రోజంతటి మొత్తం ఒక్కటే రాస్తే ఆ తగ్గించిన సంగతి మాయమైపోతుంది, రొయ్య మేత వదిలేసిందన్న మొదటి హెచ్చరిక కూడా దాంతోపాటే పోతుంది. రొయ్యల సాగులో అన్నిటికన్నా పెద్ద ఖర్చు మేతదే. ఒక్క గడి విషయంలో తప్పు చేస్తే కోడ్ రాసిన కుర్రాడికి పోయేదేమీ లేదు, రైతుకు పోతుంది. పైగా ఆ నోటుబుక్కులో రాసేది గుంట యజమాని కాదు, రాత్రీ పగలూ అక్కడే ఉండే పనివాడు. కాబట్టి యజమానిని ఒక్కడినే అడిగితే ఈ సంగతి బయటికి రాదు.

వాడేవాళ్లు విడిపోగలరా? ఓపెన్ సోర్స్ లైసెన్స్ ఎవరికైనా కోడ్ తీసుకుని వేరే దారి పట్టే హక్కు ఇస్తుంది. దీన్నే ఫోర్క్ అంటాం. మెయింటెయినర్లను అదుపులో పెట్టే అసలు బలం ఇదేనని చాలామంది అంటారు. వాడేవాళ్లు ప్రోగ్రామర్లయితే అది నిజం. కొత్తపట్నంలో నాలుగెకరాలు కౌలుకు తీసుకుని గుంటలు చేసే రైతుకు ఆ హక్కు కాగితం మీదే ఉంటుంది. కోడ్ మార్చే మనిషిని ఆయన ఎక్కణ్ణుంచి తెస్తాడు? విడిపోలేనివాళ్లు ఎక్కువగా వాడే ప్రాజెక్టులో సలహా బృందానికి బలం ఎక్కువ ఉండాలి.

డబ్బు, అప్పు ఎటు నుంచి వస్తున్నాయి? సర్వర్ ఖర్చు ఎవరు పెడుతున్నారన్నది ఒక్కటే చూస్తే చాలదు. బృందంలో కూర్చునేవాళ్లలో ఎవరు ఎవరికి బాకీ ఉన్నారో కూడా చూడాలి. ఈ సంగతి మళ్లీ వస్తుంది.

పని చేసే చేతులు ఎన్ని? ఇద్దరే రాస్తున్న ప్రాజెక్టులో తొమ్మిదిమంది కమిటీ వేస్తే ఆ ఇద్దరి సమయమంతా మీటింగులకే సరిపోతుంది.

తాళాలు ఎవరి దగ్గర ఉన్నాయి? డొమైన్ పేరు, ప్లే స్టోర్ ఖాతా, యాప్ సైనింగ్ కీ (కొత్త వెర్షన్ మనదేనని ముద్ర వేసే డిజిటల్ తాళం), రిపో (కోడ్ దాచే చోటు) అడ్మిన్ హక్కు. ఇవన్నీ ఒక్క మనిషి సొంత ఈమెయిల్ మీద ఉంటే మీరు ఏ పద్ధతి ఎంచుకున్నా ఆచరణలో అది ఆ ఒక్క మనిషి ప్రాజెక్టే.

## ఐదు పద్ధతులు ఒకచోట

| పద్ధతి | నిర్ణయ వేగం | కోడ్ రాయని వాడకందార్ల మాట చెల్లుబాటు | ఎంతమంది కావాలి | మొదలుపెట్టిన మనిషి వెళ్లిపోతే |
|---|---|---|---|---|
| ఒక్కరి మాట | చాలా ఎక్కువ | ఆ ఒక్కరి మంచితనం మీద | ఒకరు చాలు | ఆగిపోవచ్చు |
| ఉత్త సలహా మండలి | ఎక్కువ | వినబడుతుంది, నెగ్గుతుందని హామీ లేదు | ఐదారుగురు | మండలి ఉన్నా చేసేదేమీ ఉండదు |
| జవాబు బాధ్యత ఉన్న సలహా బృందం | మధ్యస్థం | గట్టిగా | ఐదు నుంచి ఏడుగురు, ఇద్దరు మెయింటెయినర్లు | తాళాలు పంచి ఉంటే నడుస్తుంది |
| ఎన్నికైన మండలి | మధ్యస్థం | ఓటు ఎవరికి ఇచ్చారన్న దాన్ని బట్టి | పదిహేను, ఇరవైమంది చురుకైనవాళ్లు | సాఫీగా నడుస్తుంది |
| రిజిస్టర్డ్ సంస్థ | తక్కువ | నియమావళిని బట్టి | ఏడుగురు సభ్యులు, లెక్కలు చూసే మనిషి | సంస్థ నిలుస్తుంది |

చేతుల గురించి ఇచ్చిన అంకెల్లో సంస్థ సభ్యుల సంఖ్య చట్టం చెప్పేది, మిగతావి నా అంచనా.

## ఒక్కరి మాట

దీన్ని చిన్నచూపు చూడక్కర్లేదు. లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెలాంటి లైనక్స్ కెర్నల్ 1991 నుంచి లైనస్ టోర్వాల్డ్స్ చివరి మాటతోనే నడుస్తోంది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష కూడా అదే ఏడాది బయటికొచ్చి, 2018 జూలై దాకా దాన్ని సృష్టించిన గైడో వాన్ రోసమ్ మాట మీదే నడిచింది. ఆ జూలైలో పెప్ 572 అనే ప్రతిపాదన మీద పెద్ద గొడవ జరిగి, దాన్ని ఆమోదించాక ఆయన తప్పుకున్నారు. తన స్థానంలో ఎవరినీ నియమించలేదు, మీరే తేల్చుకోండన్నారు. అనుభవజ్ఞులైన కోర్ డెవలపర్లు (కోడ్ మార్చే హక్కున్న ముఖ్యులు) అంతమంది ఉన్నారు కాబట్టి పైథాన్ తట్టుకుంది. ముగ్గురితో నడిచే ప్రాజెక్టు తట్టుకోదు.

యాప్ ఇంకా పదిమంది కూడా వాడని దశలో ఉంటే ఇదే మంచిది. కమిటీ గురించి ఆలోచించకుండా వారానికోసారి గుంటల దగ్గరికి వెళ్లి చూడండి. రెండో మనిషికి తాళాలు ఇవ్వడం మాత్రం ఇప్పుడే చెయ్యండి.

## ఉత్త సలహా మండలి

పెద్ద ప్రాజెక్టుల్లో బాగా కనిపించే పద్ధతి. లైనక్స్ కంప్యూటర్లలో కనిపించే గ్నోమ్ డెస్క్‌టాప్‌ను నడిపే గ్నోమ్ ఫౌండేషన్‌కు ఒక సలహా మండలి ఉంది, అందులో కంపెనీలు, లాభాపేక్ష లేని సంస్థలు కూర్చుంటాయి. నిర్ణయాధికారం మాత్రం సభ్యులు ఎన్నుకునే డైరెక్టర్ల బోర్డుదే. లైనక్స్ ఫౌండేషన్‌కు ఉన్న సాంకేతిక సలహా మండలిలో ఎన్నికైన పదిమంది ఉంటారు. వాళ్లు కెర్నల్ డెవలపర్ల తరఫున ఫౌండేషన్‌తో మాట్లాడతారు, కోడ్‌లో ఏం చేరాలో శాసించరు. రెండు చోట్లా మండలి హద్దులు స్పష్టంగా ఉన్నాయి, అందుకే పేచీ లేదు.

హద్దులు కాగితం మీద ఉన్నంత మాత్రాన చాలదని నోడ్ జేఎస్ (సర్వర్లలో జావాస్క్రిప్ట్ నడిపే సాఫ్ట్‌వేర్) చరిత్ర చెబుతుంది. ఆ ప్రాజెక్టు జాయెంట్ అనే కంపెనీ చేతిలో ఉండేది. కొత్త వెర్షన్లు ఆలస్యమవుతున్నాయని, నిర్ణయాలు ఒక కంపెనీ గుప్పిట్లో ఉన్నాయని కోడ్ రాసేవాళ్లలో అసంతృప్తి పెరిగింది. 2014 అక్టోబరులో జాయెంట్ ఒక సలహా మండలి వేసింది. అదే ఏడాది డిసెంబరులో ముఖ్యమైన డెవలపర్లు కొందరు కోడ్ తీసుకుని ఐఓ జేఎస్ పేరుతో విడిపోయారు. సలహా చెప్పే కుర్చీ దొరికింది గానీ, పని చేసేవాళ్లకు కావాల్సిన అధికారం దొరకలేదు. 2015లో అందరికీ ఉమ్మడిగా నోడ్ జేఎస్ ఫౌండేషన్ ఏర్పడి, రెండు పాయలూ కలిసి, సెప్టెంబరులో 4.0 వెర్షన్ వచ్చింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. అలిగిన డెవలపర్లు విడిపోగలిగారు కాబట్టే జాయెంట్ దిగి రావాల్సి వచ్చింది. మన రైతులు అలిగితే యాప్ వాడటం మానేస్తారు, మళ్లీ నోటుబుక్కు తెరుస్తారు. ఎవరికీ తెలియను కూడా తెలియదు. అందుకే గట్టు మీది మనుషుల కోసం రాసే సాఫ్ట్‌వేర్‌కు ఉత్త సలహా మండలి చాలదని నా గట్టి నమ్మకం.

## జవాబు బాధ్యత ఉన్న సలహా బృందం

జిల్లా స్థాయి ప్రాజెక్టుల్లో చాలావాటికి నేను సూచించేది ఇదే. బృందానికి ఓటు ఉండదు, వీటో ఉండదు. కానీ బృందం రాతపూర్వకంగా ఏదైనా చెబితే మెయింటెయినర్లు గడువులోగా రాతపూర్వకంగా జవాబివ్వాలి. ఒప్పుకుంటే ఎప్పటికి చేస్తారో చెప్పాలి, ఒప్పుకోకపోతే ఎందుకో చెప్పాలి. ఆ జవాబు అందరికీ కనిపించేచోట, తెలుగులో ఉండాలి.

ఈ ఆలోచన గాలిలోంచి వచ్చింది కాదు. అపాచీ ఫౌండేషన్ కింద నడిచే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో కోడ్ మార్పును ఒక్క ఓటుతో ఆపవచ్చు, కానీ సాంకేతిక కారణం చెప్పకపోతే ఆ ఓటు చెల్లదు. పైథాన్‌లో తిరస్కరించిన ప్రతిపాదనలను కూడా చెరిపెయ్యరు, అవి అలాగే ఉంటాయి, ఎందుకు కాదన్నారో తర్వాత వచ్చినవాళ్లు చదువుకోవచ్చు. కారణం రాయాల్సి వస్తుందని తెలిస్తే మనిషి కాదనే ముందు ఇంకోసారి ఆలోచిస్తాడు. మేత గడి సంగతే తీసుకోండి. "పూటకొక గడి ఎందుకు పెట్టలేదు" అన్న ప్రశ్నకు "డేటాబేస్ మార్చాలి, పనెక్కువ" అని తెలుగులో రాసి రైతుల ముందు పెట్టడానికి ఎవరికైనా మనసొప్పదు.

ఇంకో అడుగు ముందుకెయ్యాలి. కొన్ని విషయాల్లో జవాబు ఇచ్చేదాకా కొత్త వెర్షన్ విడుదల చెయ్యకూడదని రాసుకోండి. నా జాబితాలో నాలుగే ఉంటాయి: రైతుల డేటా బయటివాళ్లకు ఇవ్వడం, ఇప్పటికే ఉన్న గడులు తీసెయ్యడం, లైసెన్స్ మార్చడం, కొత్త స్పాన్సర్‌ను ఒప్పుకోవడం. మిగతా రోజువారీ పనుల్లో బృందం తలదూర్చకూడదు. బటన్ రంగు మీద అభిప్రాయాలు అడగడం మొదలుపెడితే డేటా సంగతి మాట్లాడే ఓపిక ఎవరికీ మిగలదు.

లోపమూ ఉంది. మెయింటెయినర్లు మొండివాళ్లయితే కారణాలు రాస్తూనే తమకు నచ్చింది చేసుకుపోగలరు. అలాంటివాళ్ల దగ్గర ఈ పద్ధతి పనిచెయ్యదు, కింది రెండింటిలో ఒకటి చూసుకోవాలి.

## ఎన్నికైన మండలి

గైడో తప్పుకున్నాక పైథాన్ కోర్ డెవలపర్లు ఎంచుకున్న దారి ఇది. 2019 మొదట్లో ఐదుగురి స్టీరింగ్ కౌన్సిల్‌ను ఎన్నుకున్నారు. ఒకే కంపెనీలో పనిచేసేవాళ్లు అందులో ఇద్దరికి మించకూడదు. ఈ ఒక్క నియమం ఏ ప్రాజెక్టయినా తీసుకోవచ్చు. లైనక్స్ ఆధారిత ఆపరేటింగ్ సిస్టమ్ డెబియన్‌లో ప్రాజెక్ట్ లీడర్‌ను ఏటా ఎన్నుకుంటారు, లీడర్ నిర్ణయం నచ్చకపోతే డెవలపర్లు అందరూ ఓటేసే సాధారణ తీర్మానంతో దాన్ని మార్చగలరు.

రెండుచోట్లా ఓటు కోడ్ రాసేవాళ్లది, ప్రాజెక్టుకు పని చేసేవాళ్లది. వాళ్లకు అది న్యాయమే, ఎందుకంటే అక్కడ రాసేవాళ్లూ వాడేవాళ్లూ చాలావరకు ఒకటే. మన యాప్‌కు అదే నియమం పెడితే బెంగళూరు కుర్రాళ్లు బెంగళూరు కుర్రాళ్లనే ఎన్నుకుంటారు. పోనీ వాడేవాళ్లందరికీ ఓటు ఇస్తే? ఎక్కువ గుంటలున్న పెద్ద రైతులు, ఫోన్ బాగా వాడేవాళ్లు గెలుస్తారు. కాలువ నీళ్ల దగ్గర మనకు బాగా తెలిసిన సంగతే ఇది, ఎగువ రైతులే అంతా తేల్చేస్తే చివరి ఆయకట్టుకు తడి కూడా అందదు. అందుకే 1997 నాటి సాగునీటి సంఘాల చట్టం సంఘం పరిధిని ప్రాదేశిక నియోజకవర్గాలుగా విడగొట్టి, ఒక్కో దాని నుంచి ఒక్కో సభ్యుణ్ణి ఎన్నుకోమంది. చివరి భూములవాళ్లకూ తమ మనిషి ఉంటాడు. మీరు ఎన్నికల దారి పడితే సీట్లను అలాగే పంచండి: సొంత గుంటలున్న రైతు, కౌలు రైతు, గుంట దగ్గర రాసే మనిషి, నీళ్లు పరీక్షించే ల్యాబ్ టెక్నీషియన్, ఇద్దరు డెవలపర్లు. ఎవరి సీటుకు వాళ్ల వర్గమే ఓటెయ్యాలి.

చురుకైనవాళ్లు పదిహేనుమంది కూడా లేకపోతే ఎన్నికల జోలికి వెళ్లకండి. పోటీకి మనుషులు దొరకక, ఉన్నవాళ్లే ఏకగ్రీవమై, పేరుకే ఎన్నిక అవుతుంది.

## రిజిస్టర్డ్ సంస్థ

ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 కింద ఏడుగురు కలిస్తే సొసైటీ పెట్టుకోవచ్చు. బ్యాంకు ఖాతా, డొమైన్, ప్లే స్టోర్ ఖాతా సంస్థ పేరున ఉంటాయి కాబట్టి తాళాల బాధ తీరుతుంది. బదులుగా ఏటా లెక్కలు, సర్వసభ్య సమావేశం, తీర్మానాల పుస్తకం తప్పవు. విదేశీ నిధులు తీసుకోవాలంటే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి కూడా కావాలి. ఎక్కడో ఒక గ్రాంట్ కనిపించింది కదా అని సంస్థ పెట్టేముందు ఈ సంగతి చూసుకోండి.

సంస్థ ఉన్నంత మాత్రాన సలహా బృందం అవసరం తీరదు. ఉచిత ఆఫీసు సాఫ్ట్‌వేర్ లిబ్రే ఆఫీస్‌ను నడిపే డాక్యుమెంట్ ఫౌండేషన్‌లో సభ్యులు ఎన్నుకునే బోర్డు, స్పాన్సర్ల సలహా మండలి, సాంకేతిక విషయాలకు ఇంజినీరింగ్ స్టీరింగ్ కమిటీ వేర్వేరుగా ఉన్నాయి. ఆ ప్రాజెక్టు 2010 సెప్టెంబరులో ఓపెన్ ఆఫీస్ నుంచి విడిపోయి పుట్టింది. తర్వాతి నెలలోనే ఓపెన్ ఆఫీస్ కమ్యూనిటీ కౌన్సిల్, కొత్త ప్రాజెక్టులో చేరిన సభ్యులు తమ కౌన్సిల్‌లో కుర్చీలు ఖాళీ చెయ్యాలని, రెండు పడవల మీద కాళ్లు కుదరదని పట్టుబట్టింది. ఎవరు ఎప్పుడు తప్పుకోవాలన్న నియమాన్ని గొడవ వచ్చాక రాసుకుంటే అది మనుషుల మీద రాసినట్టే ఉంటుంది. ముందే రాసుకోవాలి.

## మేత డీలరుకు కుర్చీ వెయ్యాలా?

మా వైపు ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది, దీని మీద మంచివాళ్లే రెండుగా చీలిపోతారు. డీలరుకు వందల గుంటల సంగతి తెలుసు. ఎక్కడ వైట్ స్పాట్ జబ్బు వచ్చింది, ఏ సీడ్ (రొయ్య పిల్ల) బాగా పెరిగింది, అన్నీ ఆయన చెవిన పడతాయి. సర్వర్ ఖర్చు పెట్టుకుంటానని కూడా అనవచ్చు.

కానీ చాలామంది రైతులు మేత అప్పు మీద తెచ్చుకుంటారు, పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మడం) అయ్యాక తీరుస్తారు. అప్పిచ్చిన మనిషి ఎదురుగా కూర్చుంటే, "నా గుంట లెక్కలు డీలర్లకు కనిపించకూడదు" అని ఏ రైతూ నోరు తెరిచి చెప్పడు. తన కౌంట్ ఎంతకు వచ్చిందో ముందే తెలిస్తే కొనేవాడు బేరం ఎలా ఆడతాడో రైతుకు తెలుసు. కాబట్టి నా సలహా ఇది: డీలర్లను, కొనుగోలుదారులను, ల్యాబుల యజమానులను పిలిచి వినండి, ఆహ్వానితులుగా కూర్చోబెట్టండి. బృందంలో సభ్యత్వం వద్దు. డేటా విషయం చర్చకొచ్చినప్పుడు వాళ్లు గదిలో ఉండకూడదు. స్పాన్సర్ ఇచ్చిన డబ్బెంతో, దేనికి ఖర్చయిందో అందరికీ తెలిసేలా పెట్టాలి.

## మీరు ఎవరైతే ఏది

ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి రాస్తున్న కొత్త యాప్ అయితే ఒక్కరి మాట చాలు. వాడేవాళ్లు మీకు ముఖపరిచయం లేనివాళ్లయిన రోజున జవాబు బాధ్యత ఉన్న బృందానికి మారండి.

ఒంగోలు, నెల్లూరు, కావలి ఇంజినీరింగ్ కాలేజీల్లో విద్యార్థులు మొదలుపెట్టిన ప్రాజెక్టయితే కథ వేరు. నాలుగో సంవత్సరం అవగానే రాసినవాళ్లు వెళ్లిపోతారు. అక్కడ బృందం ముఖ్యంగా చెయ్యాల్సింది జ్ఞాపకం నిలబెట్టడం. ఒక అధ్యాపకుడు, ఇద్దరు పాత విద్యార్థులు, ఇద్దరు వాడకందార్లు ఉంటే చాలు. తాళాలు విద్యార్థుల సొంత ఖాతాల్లో ఉండనివ్వకండి. కాలేజీ ఖాతాలో పెడితే పాత విద్యార్థి ఒకరికి కూడా హక్కు ఉండాలి.

రైతు ఉత్పత్తిదారుల సంఘమో స్వచ్ఛంద సంస్థో డబ్బిచ్చి రాయిస్తున్న సాఫ్ట్‌వేర్‌కు ఎన్నికైన మండలి బాగా కుదురుతుంది, ఎందుకంటే సభ్యుల జాబితా, ఓటు వేసే అలవాటు అక్కడ ముందే ఉంటాయి. కోడ్ లైసెన్స్ ఓపెన్‌గానే ఉండాలని రాయించే ఒప్పందంలోనే చేర్చండి.

ఏ పద్ధతి తీసుకున్నా మీటింగ్ వేళ చూసుకోండి. డెవలపర్లకు రాత్రి పది తర్వాతే తీరిక. అదే సమయానికి గుంటల దగ్గరివాళ్లు ఏరేటర్లు (నీళ్లకు గాలి అందించే యంత్రాలు) చూసుకుంటూ ఉంటారు, తెల్లవారుజామున డీవో పడిపోతుందన్న టెన్షన్‌లో ఉంటారు. ఆదివారం రెండు పూటల మేతకు మధ్య ఒక గంట పెట్టుకుంటే ఇద్దరికీ కుదురుతుంది. మాట్లాడేది తెలుగులో, రాసిపెట్టేది తెలుగులో. రాయడం ఇబ్బందైనవాళ్లు వాయిస్ మెసేజ్ పెడితే దాన్ని డెవలపర్లలో ఒకరు రాతలోకి మార్చి ఇష్యూగా (ప్రాజెక్టు పనుల జాబితాలో ఒక అంశంగా) ఎక్కించాలి. కూలి మానుకుని వచ్చే మనిషికి ఆ పూట కూలి, బస్సు చార్జీ ఇవ్వండి. ఆ ఖర్చు పెట్టకపోతే గుంట దగ్గర రాసే మనిషి కుర్చీ ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది, ఆయన బదులు యజమాని వచ్చి కూర్చుంటాడు.

పదవీకాలం ఏడాది చాలు. పంటకు పంటకు మధ్య గుంటలు ఎండబెట్టే రోజుల్లో సభ్యుల మార్పు పెట్టుకోండి, అప్పుడైతే రైతులకు వచ్చే తీరిక ఉంటుంది.